వీణ పట్టిన దొంగ

కుందవరపు సంగీతశాలలో రాణిగారి ముక్కెర పోయింది. దొంగకు కుడిచేయి నరకడమే ఆ రాజ్యపు శిక్ష. ఎండిన చలిగాలుల కాలమది. సంగీతశాల ఊడ్చే నూకాలు ఉన్ని తివాచీ మీదుగా నడిచివెళ్లి వీణను తుడవబోగా, ఇత్తడి తీగ చిటుక్కుమని చిన్న రవ్వతో ఆమె వేలిని కరిచింది; ఆమె ఉలిక్కిపడి చేయి లాగుకొంది. అది చూసిన ఆస్థాన జ్యోతిష్కుడు కొలువునంతా అక్కడికి రప్పించాడు.

"ప్రభూ, దొంగ దొరికింది! ఈ దివ్యవీణ పాపపు చేతినే కరుస్తుంది."

రాజు సైగ చేశాడు. తలారి కత్తి దూశాడు. చేయి పోతే నూకాలు ఇంట పొయ్యి వెలిగేదెట్లా? ఆ ఉదయమే ఆమె స్తంభం చాటునుండి ఒకటి చూసింది. పట్టు ఉత్తరీయం ఈడ్చుకొంటూ తివాచీపై నడిచివచ్చిన రాజుగారు, వీణను ముట్టి "అబ్బా!" అని చేయి లాగుకొన్నారు. ఆ మాట బయటపెడితే చేయితోపాటు తలా పోతుంది.

ఆమె సాష్టాంగపడింది. "దొరా, నరికించండి, కాదనను. ముందు తమరొక్కసారి ఆ తీగను ముట్టండి. పాపమెరుగని చేయి ఎట్లా ఉంటుందో సభవారంతా కన్నులారా చూస్తారు."

రాజు లేచి, తివాచీ దాటి, వీణ ముందు నిలిచాడు. చాచిన చేయి గాలిలోనే ఆగిపోయింది. నూకాలు వైపు చూశాడు; ఆమె తలెత్తలేదు. ఆయన మెల్లగా చేతిని ఉత్తరీయంలో దాచుకొన్నాడు.

"తీగ సాక్ష్యం చెల్లదు. ఆమెను విడువండి. జ్యోతిష్కులవారూ, ఇకమీదట ఈ దివ్యవీణను తుడిచే భాగ్యం తమదే."

జ్యోతిష్కుడి చేతులు రెండూ అప్పటికే వీపు వెనుకకు చేరాయి.