పరిశీలనలో ఉన్న చొప్ప

గుండ్లవాగు అవతలి అడవిలో పన్ను వసూలు చేసే పద్ధతి ఒకటుంది. కోత అవగానే ముందు పట్టుకుపోతారు, తర్వాత తీరిగ్గా లెక్క చూస్తారు. ఎక్కువ పట్టుకుపోయామని తేలితే, అర్జీ పెట్టుకున్నవాడికి వెనక్కి ఇస్తారు. ఈ పద్ధతి పెట్టింది సింహం గారట. ఆయన్ని నేను చూడలేదు, ఆ అడవిలో ఉన్నవాళ్ళలోనూ చాలామంది చూడలేదు. అందరికీ కనిపించేది ఆయన గుమాస్తా నక్క ఒక్కడే.

ఆ ఏడు వానలు సగంలో మొహం చాటేశాయి. మైలన్న అనే ఎద్దు చేలో జొన్న సగానికి సగం ఎండిపోయింది. కోతకి వచ్చిన తోడేళ్ళు మాత్రం నిండు పంటకి ఎంత పట్టాలో అంతా పట్టుకుపోయాయి. లెక్క చూసుకుంటే ఇరవై కట్టల చొప్ప ఎక్కువ పోయింది. మైలన్న ఒంటిగాడైతే ఏ కంపో కసువో కొరికి ఎండాకాలం గడిపేసేవాడు. కానీ ఇంట్లో చెల్లెలు కపిల చూడితో ఉంది, ఏడో నెల. ఆ ఇరవై కట్టలుంటే తల్లీ దూడా గట్టెక్కుతారు. లేకపోతే దూడ దక్కదు.

మైలన్న తాటాకు మీద అర్జీ రాయించుకుని నక్క దగ్గరికి వెళ్ళాడు. నక్క ఆకుని అటూ ఇటూ తిప్పి చదివాడు.

"నీ లెక్క సబబుగానే ఉందయ్యా. ఇరవై కట్టలూ నీకు రావలసినవే."

"ఎప్పుడొస్తాయి దొరా?"

"వరసలో వస్తాయి. నూట పద్నాలుగో నంబరు నీది. అర్జీ ఎక్కడిదాకా వచ్చిందో ఎప్పుడు కావాలన్నా వచ్చి కనుక్కోవచ్చు. అది నీ హక్కు."

హక్కు అన్న మాట మైలన్నతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆ మాటకే సగం కడుపు నిండిపోయింది పాపం.

మర్నాడు పొద్దున్నే రెండు కోసులు నడిచి ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాడు. కిటికీలో చిలక కూర్చుని ఉంది.

"నంబరు?" అంది చిలక.

"నూట పద్నాలుగమ్మా."

చిలక లోపలికి కేకేసింది. నక్క ఆకుల దొంతరలోంచి మైలన్న ఆకు లాగి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి, తల ఊపి, మళ్ళీ దొంతరలో పెట్టాడు.

"మీ అర్జీ పరిశీలనలో ఉంది," అంది చిలక.

ఇంటికొచ్చేసరికి కపిల గుమ్మంలోనే ఉంది.

"ఏమన్నారన్నా?"

"పరిశీలనలో ఉందటమ్మా. నా కళ్ళముందే ఆకు బయటికి తీసి చూశారు."

"చూసిన చేత్తోనే ఇచ్చెయ్యొచ్చుగా?"

"అంత పెద్ద ఆఫీసు. ఒక్కసారి చూస్తే ఎట్లా సరిపోద్ది?"

మరి ఎన్నిసార్లు చూస్తే సరిపోతుందో మైలన్నకి తెలియదు కనక రోజూ వెళ్ళాడు. రోజూ ఆకు బయటికి వచ్చింది, రోజూ నక్క చూశాడు, రోజూ చిలక ఆ ఒక్క ముక్కే చెప్పింది. ఈ ఎద్దు మీద నాకు ఒళ్ళు మండుతుంది, దాచుకోను. చొప్ప ఎత్తుకుపోయిన రోజున రాని కోపం సరే, తన ఆకుని ఎవరో వెలుతురులో పట్టుకున్నారని సంబరపడటం ఏమిటి? ఒకరోజు నక్క ఆకుని కాస్త ఎక్కువసేపు చూశాడట. ఆ రోజు మైలన్న దారి పొడుగునా తోక ఊపుకుంటూ వచ్చాడు.

నలభై రోజులయ్యాయి. కపిల డొక్కలు లెక్కపెట్టేటట్టు తయారయ్యాయి. లేచి నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి. మైలన్న కిటికీ దగ్గర తల వాల్చేశాడు.

"దొరా, నాకు తొందర లేదు. కడుపులో ఉన్నదానికి తొందరగా ఉంది."

నక్క బయటికొచ్చి మూపురం నిమిరాడు. "నీ బాధ చూస్తే నాకు అన్నం సయించటం లేదు మైలన్నా. ఒక పని చెయ్యి. అర్జీ తేలేదాకా చెల్లెల్ని రాజుగారి కొట్టంలో ఉంచు. అక్కడ మేతకి కొదవ లేదు."

"ఊరికే పెడతారా దొరా?"

"ప్రజల కష్టం రాజుగారి కష్టం కాదా? అట్లా బేరం మాటలు మాట్లాడకు."

కపిల వినగానే మొహం తిప్పుకుంది. "నాకు మనసొప్పటం లేదన్నా. నక్క ఊరికే పెట్టడం నువ్వెప్పుడైనా చూశావా?"

"గుమాస్తా గారు మంచోరమ్మా. రోజూ మన ఆకు చూస్తున్నారు. మనమంటే గిట్టకపోతే చూస్తారా?"

తన ఒక్కదాని ఆకలే అయితే కపిల కదిలేది కాదు. మర్నాడు అన్న వెనకాల నడుచుకుంటూ వెళ్ళి కొట్టంలో చేరింది. పక్షం తిరక్కుండా ఎర్రటి పెయ్యదూడని ఈనింది. మైలన్న కంచె ఇవతల నిలబడి మేనకోడల్ని చూసుకున్నాడు. ఆ రోజు కూడా కిటికీ దగ్గరికి వెళ్ళి నంబరు చెప్పడం మాత్రం మానలేదు.

కొట్టానికీ గాదెకీ బరువులు మోసే గాడిద ఒకనాడు దారిలో ఎదురైంది.

"ఏం బావా, నీ తిరుగుడు ఇంకా అయిపోలేదా? తాబేలుకి వచ్చేసింది తెలుసా. నిన్ననే నేనే మోసుకెళ్ళి ఇచ్చొచ్చా."

"తాబేలుకా? నా తర్వాత కదా అర్జీ పెట్టింది. పోనీ, ఎన్నిసార్లు వచ్చి అడిగిందో పాపం."

"అడగడమా? ఆకు ఇచ్చి బయల్దేరితే ఇంటికి చేరడానికే దానికి పద్దెనిమిది రోజులు పట్టింది. అది ఇల్లు చేరిన నాలుగు రోజులకి నేను బస్తాతో వెళ్ళా."

"నాకెందుకు రాలేదు మరి?"

గాడిద అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నక్క పని చేసేది దొంతరలో పైనున్న ఆకు మీద. రోజుకి ఇన్నని తీరుస్తాడు, కాదనను. నువ్వొచ్చి నంబరు చెప్పినప్పుడు నీ ఆకు ఎక్కడుంటే అక్కణ్ణించి లాగుతాడు. చూసి మళ్ళీ ఎక్కడ పెడతాడు?"

మైలన్న ఆలోచించాడు. రోజూ చూసిందే, ఇప్పుడు మొదటిసారి కనిపించింది. "అడుగున," అన్నాడు.

"మరింకేం. ఇవాళ్టికి ఎన్నిసార్లు అడిగావు?"

"అరవై మూడు." మైలన్న గాడిదకి అడ్డంగా నిలబడ్డాడు. "ఈ ముక్క ముందే చెప్పకపోయావా?"

"నువ్వు చిలకనే అడిగావు గాని నన్నెప్పుడు అడిగావు బావా? పైగా నాకు మేత వేసేదీ వాళ్ళే."

ఆ రోజు నుంచి మైలన్న కిటికీ వైపు వెళ్ళలేదు. అడక్కుండా ఇంట్లో కూర్చోవడం రెండు కోసులు నడవడం కన్నా కష్టమైంది. పద్దెనిమిదో రోజున చిలక తానే ఎగిరొచ్చి చూరు మీద వాలింది.

"నూట పద్నాలుగు. మీ అర్జీ మంజూరైంది."

మైలన్న పరుగులాంటి నడకతో వెళ్ళాడు. నక్క నవ్వుతూ ఎదురొచ్చాడు.

"చూశావా, ఇరవైకి ఇరవై కట్టలూ ఒప్పుకున్నాం. ఒక్కటి కూడా కోయలేదు. ఇక్కడ గిట్ట ముద్ర వెయ్యి."

"వేస్తాను దొరా. కట్టలెక్కడ?"

"అందాయిగా."

"ఎవరికి?"

"నీ చెల్లెలికి. సరిగ్గా నలభై రోజులు మా కొట్టంలో మేసింది. రోజుకి అరకట్ట. ఎంతయిందో నువ్వే చెప్పు."

"రాజుగారు పెడతారన్నారు కదా?"

"పెట్టారు కదయ్యా. నీది నీకే పెట్టారు."

ఎద్దుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దిగమింగుకున్నాడు. "సరే, చొప్ప సంగతి వదిలెయ్యండి. మా కపిలనీ దూడనీ తోలుకుపోతాను."

"కపిలని తోలుకుపో, నేనొద్దన్నానా? దూడ కుదరదు. కొట్టంలో పుట్టింది కొట్టానిది. ఈ చట్టం నేను పెట్టింది కాదు, మీ తాతల నాటి నుంచీ ఉంది."

"ఆ దూడ బతకాలనే కదా దొరా నేను ఇన్నాళ్ళూ తిరిగింది."

"బతికిందిగా. నీకు అన్యాయం జరిగిందనిపిస్తే ఇంకో అర్జీ పెట్టుకో." నక్క ఖాళీ తాటాకు ఒకటి తీసి ముందుకి జరిపాడు.

మైలన్న దాన్ని ముట్టుకోలేదు. ముద్ర వేస్తే తప్ప చెల్లెల్ని చూడనివ్వనన్నాడని ముద్ర మాత్రం వేశాడు.

కొట్టంలో కపిల దూడని నాకుతోంది. అన్న మొహం చూడగానే ఆవిడకి సంగతంతా తెలిసిపోయింది.

"మేస్తున్నది మన చొప్పేనని మొదటిరోజే వాసన పట్టానన్నా. చెబితే నువ్వు తట్టుకోలేవని ఊరుకున్నా."

"ఇంటికి పోదాం పదమ్మా."

"దీన్ని వదిలేసి ఎట్లా వస్తా?"

"ఇక్కడుంటే నిన్ను పిండుకు తింటారు."

"పిండుతూనే ఉన్నారు. పొద్దుటి కుండా సాయంత్రం కుండా నక్క ఇంటికే పోతన్నాయి. దీనికని ఒక్క చన్ను వదులుతారు. అక్కడికొస్తే ఆ ఒక్కటి కూడా ఎండిపోద్ది. నువ్వు వెళ్ళన్నా. కాళ్ళు నొప్పులు, ఇక రోజూ రామాకు."

మైలన్న మేనకోడలి నెత్తి ఒకసారి నాకి వెనక్కి తిరిగాడు. ఆ రెండు కోసులూ ఏడుస్తూనే నడిచాడు, ఎవరు చూసినా లక్ష్యపెట్టలేదు. మంచి చొప్ప తిన్న ఆవు పాలకి మీగడ బాగా కడుతుందని ఆ సాయంత్రం నక్క తన పెళ్ళాంతో అన్నాడట.

నీతి: నీ సొత్తు పైవాడి దగ్గర ఆగిపోయిన ప్రతి రోజూ, అది వాడికే చాకిరీ చేస్తుంది.