సుంకమ్మ పోసిన సాలు

వైద్యం రుద్రమునయ్య గారి దగ్గరికి ఎవరు ఏ జబ్బుతో వచ్చినా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "ఈ ఏడు చేలో ఏమేసినారు?" నాడి పట్టడం, నాలుక చూడడం, కింది రెప్ప లాగి చూడడం, అన్నీ ఆ తర్వాతే. కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతున్నవాడు కూడా ముందు తన పంట సంగతి చెప్పుకోవలసిందే. బళ్ళారి వైపు ఎర్రనేలల పల్లెల్లో ఆయన హస్తవాసికి పేరుంది కాబట్టి జనం ఓర్చుకునేవారు. బయటికి వచ్చాక నవ్వుకునేవారు.

ఆయన శిష్యుడు పంపాపతి మాత్రం విసుక్కునేవాడు. పాతికేళ్ళవాడు, వైద్యశ్లోకాలన్నీ కంఠతా వచ్చినవాడు, తొందర ఎక్కువ. ఒకనాడు రోగులంతా వెళ్ళాక ఉండబట్టలేక అడిగేశాడు. "అయ్యవారూ, రోగం వచ్చేది మనిషికి గదా. చేను సంగతి మనకెందుకు?"

రుద్రమునయ్య గారు కల్వంలో ఏదో నూరుతున్నారు. చెయ్యి ఆపకుండానే, "రేపు ఎర్రిస్వామి వాళ్ళ ఆడమనిషిని పిల్చుకొస్తాడు. ఆ యమ్మకు మందు నువ్వే ఇయ్యి," అన్నారు. తన ప్రశ్నకు అదే జవాబని పంపాపతికి తోచలేదు. పెద్దాయనకు వినపడలేదేమో అనుకున్నాడు.

ఎర్రిస్వామి పన్నెండెకరాల రైతు, నెమ్మదస్తుడు. భార్య సుంకమ్మకు ఇరవై నాలుగేళ్ళు. మూడేళ్ళ కూతురుంది. ఆ తర్వాత ఒక కడుపు నిలవలేదు. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే కళ్ళు తిరిగి గట్టు మీద కూలబడుతోంది. పంపాపతి రెప్ప లాగి చూస్తే లోపల సున్నం కొట్టినట్టు ఉంది. గురువు గారు అలవాటు ప్రకారం పంట సంగతి అడిగారు.

"మూడేండ్ల నుంచి చేనంతా శెనక్కాయే సామీ. అక్కిడి సాళ్ళు తీసేసినాం, కాయ దిగుబడి తగ్గుతాదని," అన్నాడు ఎర్రిస్వామి.

అక్కిడి సాలంటే ఎరగనివారికి ఒక మాట చెప్పాలి. ఎద్దులు లాగే గొర్రు ముందు నడుస్తూ అసలు పంటను విత్తుతుంటే, దానికి తాడుతో కట్టిన ఒంటి వెదురుగొట్టం పట్టుకొని వెనక ఒక ఆడమనిషి నడుస్తుంది. ఒడిలో ఉన్న కందులో, అలసందలో ఆ గొట్టంలో పోస్తూ కొన్ని సాళ్ళకొక సాలు వేరే పంట వేస్తుంది. ఆ విత్తనం ఏడాదంతా దాచేది ఆమె, ఏది పోయాలో ఎంచుకునేది ఆమె. అందులో పండినదాని గురించి మగవాళ్ళు ఎన్నడూ ఆరా తీయలేదు. వాళ్ళ దృష్టిలో అది పంటే కాదు. వేరుశనగకు మంచి ధర వచ్చిన ఏడు అది అడ్డమని కూడా తోచింది, తీసేశారు.

గురువు గారు తల ఊపి, ఎర్రిస్వామిని పక్కకు పిలిచారు. "ఒంట్లో నెత్తురు ల్యాదు. ఇట్లే ఉంటే వచ్చే కానుపు ఈ యమ్మ దాటదు," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. మిగిలింది శిష్యుడి పని.

పంపాపతి శాస్త్రం తప్పలేదు. నెత్తురు పట్టడానికి మండూర భస్మం తేనెలో కలుపుకోమని ఇచ్చాడు. ఒంటికి పుష్టి కావాలని తెలిసినవాడు కాబట్టి, "వారం వారం కందిబ్యాళ్ళు తేవల్ల, దినామూ పప్పు వండల్ల," అని గట్టిగా చెప్పాడు. ఎర్రిస్వామి మాట తప్పే మనిషి కాడు. ఏ సంతకూ బ్యాళ్ళు లేకుండా ఇంటికి రాలేదు. రెండు నెలలు గడిచాయి. సుంకమ్మ రెప్ప కింద రంగు మారలేదు. పైగా మళ్ళీ నెల తప్పింది.

ఆ కబురు విన్న రోజు పంపాపతికి భయం వేసింది. దాచుకోకుండా గురువు గారితో అనేశాడు. "ఆ మొగుడన్నా అబద్ధం చెప్తాండల్ల, నా మందన్నా తప్పయ్యిండల్ల. ఆ యమ్మకేమన్నా అయితే నాదే గదా పాపం."

"పోయి వాళ్ళింట్లో ఒకపూట తినిరా," అన్నారు గురువు గారు.

వైద్యుడి శిష్యుడు భోజనానికి వస్తే ఏ ఇల్లాలైనా ఊరుకుంటుందా? పీట వేశారు. సంకటి ముద్దలో గుంట చేసి నిండా పప్పు పోశారు, పైన నెయ్యి. పప్పు బాగుందన్నాడు, ఇంకో గరిటె పోశారు. అతని పక్కన సుంకమ్మ మామ, ఆయన పక్కన ఎర్రిస్వామి, ఆ పక్కన తమ్ముళ్ళిద్దరూ. మగవాళ్ళు లేచాక పాప, పాప తర్వాత అత్త. పంపాపతి చెయ్యి కడుక్కొని అరుగు మీద కూర్చొని చూస్తూనే ఉన్నాడు. అందరూ అయ్యాక సుంకమ్మ ఖాళీ పప్పుకుండలో కాసిని నీళ్ళు పోసి తిప్పి, ఆ నీళ్ళతో సంకటి తిన్నది. ఆమె నోటి దగ్గరిది ఎవరూ లాక్కోలేదు. "రోంత ఉంచల్సింది నీకు," అని అత్త నొచ్చుకుంది కూడా. కోడలుగా ఉన్న రోజుల్లో ఆవిడా అలా తిన్న మనిషే. నాకు ఆ ఇంట్లో ఎవరి మీదా కోపం రాదు, అందుకే బాధ ఎక్కువ.

పంపాపతి కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చాడు.

"మందు ఎవరు తిన్నారు?" అని అడిగారు గురువు గారు.

"నేనే తిన్నా అయ్యవారూ. రెండు గరిటెలు."

ఈ సంగతి నాకు చెప్పేనాటికి పంపాపతి గారికి డెబ్బై దాటాయి. ఆ రెండో గరిటె దగ్గర ఆయన గొంతు అప్పటికీ తగ్గిపోయింది.

"రేపే పోయి చెప్తా, ముందు ఆ యమ్మకు పెట్టినంకనే మీరు తినండని," అన్నాడు శిష్యుడు.

"చెప్పు, చెప్పాల్సిందే. ఆ ఇంట్లో నువ్వు ఎన్నాళ్ళుంటావు మరి?"

వెళ్ళి చెప్పాడు. నాలుగు రోజులు అలాగే జరిగింది. ఐదో రోజు చుట్టాలొచ్చారు.

ఇంతలో వానలు మొదలయ్యాయి. రుద్రమునయ్య గారు ఎర్రిస్వామిని పిలిపించి ఒక గుడ్డమూట చేతిలో పెట్టారు. అందులో అలసందలు, కందులు, అనుములు. "ఇది కొత్త మందు. నోట్లో ఏసుకునేది కాదు. ఎనిమిది సాళ్ళకు ఒక అక్కిడి సాలు, నీ పెండ్లాం చేత పోయించు. ఆ సాలు ఆ యమ్మది. పచ్చిగా కోసుకుంటాదో, ఎండనిస్తాదో నువ్వు అడగగూడదు. అడిగితే మందు చెడిపోతాది."

ఎర్రిస్వామి మూటను అటూ ఇటూ తిప్పి చూశాడు. "శెనక్కాయ తగ్గుతాది గదా సామీ?"

"తగ్గుతాది," అన్నారు గురువు గారు. ఆయన అబద్ధమాడలేదు.

భార్య ఎలా ఉందో ఎర్రిస్వామికి తెలుసు. గొర్రుకు గొట్టం కట్టాడు. సుంకమ్మ తడబడుతూ నడిచింది, మధ్య మధ్య కూర్చుంది. ఆమె కూర్చున్నప్పుడల్లా అత్త వచ్చి గొట్టం పట్టుకుంది. చెయ్యి ఇంకా మర్చిపోలేదని ముసలావిడ మురిసిపోయింది.

శ్రావణం వెళ్ళాక గురువు గారు పంపాపతిని చేనికి పంపారు. వేరుశనగ నేలకు అతుక్కొని పచ్చగా ఉంది. దాని కాయలు మట్టిలో ఎవరికీ కనపడకుండా ఊరుతున్నాయి. పీకిన రోజున కుప్పకెక్కి, అక్కడి నుంచి బండెక్కి పోయే పంట అది. అక్కిడి సాళ్ళలో అలసందకాయలు మాత్రం చేతికందేలా వేలాడుతున్నాయి. సుంకమ్మ, మరో నలుగురు ఆడవాళ్ళు కలుపు తీస్తూ, లేతకాయ కనపడితే తుంచి నోట్లో వేసుకుంటున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చాక గట్టు మీద మూడు రాళ్ళు పెట్టి, ముంతెడు కాయలు ఉప్పేసి ఉడికించారు. పంపాపతి అక్కడే నిలబడ్డాడు. పీట వేసేవారు లేరు.

సుంకమ్మకు ఐదో నెల. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకొని, ముంత ముందుకు లాక్కుంది. "ఆకలైతాంది చిన్నయ్యోరూ, తిని పెడతా ఉండు," అంది నమలుతూనే. కూతురికి పెట్టింది, తోటివాళ్ళకు పెట్టింది, తానూ కడుపునిండా తిన్నది. ఆఖరున ముంత అడుగు తడిమి రెండు కాయలు అతని చేతిలో పెట్టింది. "ఇంతే మిగిల్నాయి," అని నవ్వింది.

పంపాపతి వచ్చేసరికి గురువు గారు కల్వం ముందే ఉన్నారు.

"రెప్ప కింద ఎరుపు కొంచెం తేలింది. కండ్లు తిరగడం ల్యాదంట. కానుపు సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను అయ్యవారూ," అన్నాడు.

"నీకేమన్నా పెట్టిందా?"

"పెట్టింది. రెండు అలసందకాయలు."

"ముందా, ఎనకా?"

"ఎనకే. అందరూ తిన్నంక, మిగిలినవి."

రుద్రమునయ్య గారు మళ్ళీ నూరడం మొదలుపెట్టారు. "అయితే మందు పనిచేస్తాంది," అన్నారు.