కాసిని మంచినీళ్లు తాగి వెళ్లు

నది ఒడ్డున ఒక నగరం ఉండేది. ఆ నగరానికి నీళ్లు పంచే ఇల్లు ఒకటి ఉండేది. దాన్ని అందరూ నీళ్లకొలువు అనేవారు. నదిలోంచి మళ్లించిన నీటిని ఆ ఇంట్లోని తూముల గుండా వీధివీధికీ వదిలేవారు. ఏ తూము తలుపు ఎప్పుడెత్తాలో, ఎప్పుడు దించాలో చూసుకోవడమే అక్కడివాళ్ల పని. జీతం రాజుగారిది, దాహం ఊరివాళ్లది.

మూడో తూము దగ్గర పనిచేసే ఆవిడ ఆ ఊరి మనిషి కాదు. మంచుకొండల అవతలి నుంచి వచ్చింది. ఒక చలికాలం వాళ్ల పల్లె మీద మంచు విరిగిపడింది. మిగిలినవాళ్లు తలో దిక్కూ పోయారు. ఈవిడ నది వెంట నడిచి నడిచి ఇక్కడ తేలింది. మూడో తూము తలుపు మహా మొండిది. ఊరి కుర్రాళ్లు నలుగురు పట్టి లాగినా కదిలేది కాదు. ఈవిడ పట్టి లాగితే కదిలింది. అంతే, కొలువులో పెట్టుకున్నారు. పేరు నోరు తిరక్క కొండావిడ అనేశారు.

ఆ నగరంలో పరదేశులకు ఒక శాసనం ఉండేది. కొలువు ఉన్నంతకాలం ఊళ్లో ఉండొచ్చు. కొలువు పోయిన రోజున పొద్దుగూకేలోగా కోటగుమ్మం దాటి వెళ్లిపోవాలి. ఆ శాసనం చేసినాయనకు వెళ్లడానికి ఇంకో ఊరు ఉండే ఉంటుంది. కొండావిడకి లేదు.

పని ఆవిడకి చేతులతో వచ్చింది, భాష చెవులతో వచ్చింది. "ఎత్తు", "దించు", "ఆగాగు", "అయ్యో నా కాలు" లాంటి మాటలు ముందే వచ్చేశాయి. నీళ్లకొలువులో వాటితోనే సగం రోజు గడిచిపోతుంది. మిగతా సగంలోనే వచ్చింది చిక్కంతా.

సాయంత్రం గంట కొట్టగానే ఒక్కొక్కరూ గుమ్మం దగ్గర ఆగి "వెళ్లొస్తా" అనేవారు. లోపల ఉన్నవాళ్లు "మంచిది, వెళ్లిరా" అనేవారు. ఆ ఊళ్లో "పోతున్నా" అని ఎవరూ అనరు. అది మళ్లీ రాని మనిషి అనే మాట. పక్కవీధిలో ఉప్పు కొనుక్కోవడానికి వెళ్లేవాడైనా సరే, వెళ్లొస్తాననే గడప దాటాలి. ఈ సంగతి అక్కడ ఎవరికీ ఎవరూ నేర్పరు. ఉగ్గుపాలతో వచ్చేస్తుంది.

మొదటి రోజు సాయంత్రం కొండావిడ గుమ్మం దగ్గర ఆగి, మర్యాదగా తల వంచి, "నేను పోతున్నాను" అంది.

లోపల ఉన్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. తాళాల తాత రెండు చెవులూ మూసుకున్నాడు. తాళాల తాతంటే ఆ ఇంటి తాళాలన్నీ మొలకి కట్టుకుని తిరిగే ముసలాయన. పిల్లి ఎదురొస్తే ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుని మళ్లీ బయల్దేరే రకం. ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే రెండోది పడేదాకా తూము ఎత్తనిచ్చేవాడు కాదు. వీధుల్లో బిందెలు పట్టుకుని జనం తిట్టుకుంటున్నా సరే, తుమ్ము తుమ్మే.

అది అనకూడని మాట అని కొండావిడకి ఎవరూ చెప్పలేదు. గంట కొట్టే ఆవిడ, తాత చెప్తాడులే అనుకుంది. తాత, ఆడవాళ్లు ఆడవాళ్లు చెప్పుకుంటార్లే అనుకున్నాడు. మిగతావాళ్లు, కొత్త కదా, తనే తెలుసుకుంటుందిలే అనుకున్నారు. అందరూ అనుకోవడంతోనే సరిపోయింది.

కొండావిడకి మాత్రం, వాళ్లంతా అంత ధీమాగా "వెళ్లొస్తా" అంటుంటే ఒళ్లు జలదరించేది. ఆ మాట ఆవిడ నోట రాదు. ఎందుకు రాదో ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడా చెప్పలేదు.

కొన్నాళ్లకి తాత ఆవు ఈనలేక చచ్చిపోయింది. "రోజూ గడపలో నిలబడి ఆ మాటంటుంటే ఇంకేం బతుకుతుంది?" అన్నాడు తాత. ఆవుకీ నీళ్లకొలువు గడపకీ ఊరంత దూరం ఉందని ఎవరూ అనలేదు. ఆ రోజు నుంచి సాయంత్రం కొండావిడ గుమ్మం వైపు రావడం చూసి అందరూ ముందే జారుకునేవారు. మధ్యాహ్నం అందరూ కూర్చుని అన్నం మూటలు విప్పుకునే చోట ఆవిడకి చోటు చాలేది కాదు. ఆవిడ తన రొట్టె తన తూము పక్కనే కూర్చుని తినేది. తానేం తప్పు చేసిందో ఎంత వెతుక్కున్నా దొరక్క ఒక్కోరోజు తింటూ తింటూనే ఏడ్చేసేది. నీళ్ల చప్పుడులో ఏడుపెవరికి వినిపిస్తుంది?

ఆ ఇంటికొక కొలువుపెద్ద ఉండేవాడు. చెడ్డవాడు కాదు, తీరిక లేనివాడు. తన మనుషుల్ని కళ్లతో చూడ్డం మానేసి చాలాకాలమైంది. చెవిన పడిందే చూసినట్టు.

"కొండావిడ రోజూ పోతున్నా, పోతున్నా అంటోందండీ" అని ఎవరో ఆయన చెవిన వేశారు.

"పోతానంటే పోనివ్వండి. కట్టేసి ఉంచుకుంటామా?" అన్నాడాయన. అనేసి వేరే పనిలో పడ్డాడు. ఆ మాట భటుడి దగ్గరికి వెళ్లింది. భటుడి నుంచి డప్పుల వాడి దగ్గరికి వెళ్లింది. మర్నాడు పొద్దున్నే వీధిలో చాటింపు. మూడో తూము కొలువు ఖాళీ అయిందనీ, కొండావిడ పొద్దుగూకేలోగా కోటగుమ్మం దాటాలనీ.

కొండావిడ అప్పుడే తూము తలుపు ఎత్తి ఉంది. తన పేరు వినిపిస్తే మెచ్చుకుంటున్నారేమో అనుకుంది పాపం. అర్థమయ్యాక తలుపు నెమ్మదిగా దించి, అక్కడే కూలబడింది.

గంట కొట్టే ఆవిడ చూసి ఉండబట్టలేకపోయింది. దగ్గరికొచ్చి, "ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం అమ్మాయ్? పోతానన్నది నువ్వే కదా" అంది.

"నేనా? ఎప్పుడన్నానక్కా?"

"ఎప్పుడేమిటి! రోజూ. గడపలో నిలబడి మరీ."

"ఇంటికి పోతున్నానని చెప్పాను. చెప్పకుండా పోతే మర్యాద కాదని."

గంట కొట్టే ఆవిడ నుదురు కొట్టుకుంది. "ఇంటికి పోయేదానివి వెళ్లొస్తాననాలి కదే! పోతున్నాననేది పైకి పోయేవాళ్లు."

"ఇన్నాళ్లూ మరి ఎవరూ చెప్పలేదే?"

"నువ్వూ అడగలేదుగా."

"తెలియనిదాన్ని ఎలా అడగనక్కా?"

గంట కొట్టే ఆవిడకి సిగ్గేసింది. "లే, పెద్దాయన దగ్గరికి వెళ్దాం. మాట తేడా అని చెప్దాం. ఇంతోటిదానికి ఊరు విడిచి పోతారా?" అని తొందరపెట్టింది. ఇద్దరూ కొలువుపెద్ద గదికి వెళ్లారు. సంగతేమిటో చూద్దామని మిగతావాళ్లు తలుపు దగ్గర చేరారు. తాళాల తాత కూడా, తనకేం సంబంధం లేనట్టు, తాళాలు తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డాడు.

కొలువుపెద్ద అంతా విని నొచ్చుకున్నాడు. "చాటింపు అయిపోయింది. అయిన చాటింపుని వెనక్కి తీసుకునే అధికారం నాకు లేదు. కానీ ఆవిడ నా ఎదుట ఒక్కసారి 'వెళ్లొస్తాను' అంటే, పోయే ఉద్దేశమే లేదని నేను పైఅధికారులకి చెప్పుకోగలను. ఒక్క మాటమ్మా. అనెయ్."

కొండావిడ నోరు తెరిచింది. "వెళ్లొ..." అంది. అక్కడ ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ ఆగిపోయింది.

"అనమ్మా, అదేమన్నా బరువా?" అన్నాడు పెద్దాయన.

"మా కొండల్లో ఆ మాట అనమండీ" అంది కొండావిడ. "అక్కడ మంచు వింటుంది. తిరిగొస్తానని ముందే చెప్పేవాణ్ణి అది రానివ్వదు. మా తమ్ముడు నవ్వులాటకి అన్నాడు. సాయంత్రానికల్లా వచ్చేస్తా, పులుసు పెట్టి ఉంచు అన్నాడు. పెట్టి ఉంచాను." ఆవిడ చేత్తో ముఖం తుడుచుకుంది. "కొలువు పోతే పోనివ్వండి. ఆ మాట మాత్రం నాతో అనిపించకండి."

కొలువుపెద్ద తల దించుకున్నాడు. జాలిపడటానికి అధికారం ఉంది గానీ, ఆపడానికి లేదు. తలుపు దగ్గర తాళాల చప్పుడు ఆగిపోయింది.

తాత గంట కొట్టే ఆవిడని పక్కకి లాగి, "అయితే ఆవిడకి మాటంటే భయమా?" అన్నాడు.

"నీకున్నంత భయం తాతా."

"ఓరి నాయనో" అన్నాడు తాత. ఈ శకునాల పిచ్చి చూసి ఇంట్లో కోడలు నవ్వేది, కొలువులో కుర్రాళ్లు వెక్కిరించేవారు. నోటి మాటకి తనలాగే హడలిపోయే మనిషి ఊరంతా వెతికినా ఆయనకి దొరకలేదు. తీరా దొరికితే, ఆ మనిషిని తనే గుమ్మం దాకా తోసుకొచ్చాడు. ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రమైంది. కొండావిడ మూట కట్టుకుంది. నీళ్లకొలువు వాళ్లంతా కోటగుమ్మం దాకా వెంట వెళ్లారు. ఇన్నాళ్లూ పక్కన కూర్చోనివ్వని వాళ్లు మూట మేం మోస్తామంటే మేం మోస్తామని పోటీ పడ్డారు. మనుషులు అంతే, సాగనంపేటప్పుడు వచ్చినంత ప్రేమ ఉన్నన్నాళ్లూ రాదు.

గుమ్మం దగ్గర కావలివాడు తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. పొద్దు గోడ మీదికి దిగింది. కొండావిడ అందరి వైపూ తిరిగి, మర్యాదగా తల వంచి, "నేను పోతున్నాను" అంది. ఈసారి ఆ మాటలో తప్పేం లేదు. ఈసారి ఎవరూ చెవులు మూసుకోలేదు.

గంట కొట్టే ఆవిడకి పిలవాలనిపించింది. కానీ వెళ్లేవాళ్లని వెనక నుంచి పిలవకూడదు. అదీ ఆ ఊళ్లో ఉగ్గుపాలతో వచ్చిందే. పిలిస్తే వెళ్లిన మనిషికి కీడు. అందరి నోళ్లూ తెరుచుకున్నాయి, ఎవరి నోరూ పలకలేదు. కొండావిడ ఒక కాలు ఎత్తి గడప అవతల పెట్టబోయింది.

"ఓ అమ్మాయ్! ఆగు!"

అందరూ ఉలిక్కిపడ్డారు. అరిచింది తాళాల తాత. అరిచేసి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. కొండావిడ ఎత్తిన కాలు అలాగే ఉంచి వెనక్కి చూసింది.

"అదేంటి తాతా, వెనక నుంచి పిలిచావు! నీకు తెలీదా?" అన్నాడు కావలివాడు.

"తెలియకేం. నోరు జారింది. పిలవనైతే పిలిచేశాను కదా, ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు తాత. "ఇంకావిడ ఇలా వెళ్లకూడదు. వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, కాసిని మంచినీళ్లు తాగి, అప్పుడు వెళ్లాలి. కాదని పంపావంటే జరిగే కీడంతా నీ నెత్తినే పడుతుంది."

కావలివాడికి ఇద్దరు చిన్నపిల్లలు. చటుక్కున తలుపు వదిలేసి, "కూర్చోమనండి, కూర్చోమనండి" అన్నాడు.

కొండావిడ ఏమీ అర్థంకాక వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చుంది. గంట కొట్టే ఆవిడ పరుగున వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. "మెల్లిగా తాగమ్మాయ్, మెల్లిగా" అంటూ చెవిలో సంగతంతా చెప్పింది. కొండావిడకి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చి నీళ్లు పొలమారాయి. పక్కనున్న నలుగురూ నలువైపుల నుంచీ ఆవిడ నెత్తి మీద తట్టారు. ఆ ఊళ్లో ఆవిడని ఎవరైనా తాకడం అదే మొదటిసారి. ఈలోగా పొద్దు గూకింది. కావలివాడు వేళకి తలుపులు మూసేశాడు.

కొలువుపెద్ద వచ్చాడు. "వెళ్లిపోయిందా?" అని అడిగాడు.

"బయల్దేరిందండి" అన్నాడు తాత. "శకునం బాగోక కూర్చుంది. నీళ్లు తాగి వెళ్తుంది."

కొలువుపెద్ద చెంబు వైపు చూశాడు. చాలాకాలం తర్వాత ఆయన కళ్లతో చూసిన మొదటి సంగతి అదే. "సరే, నిదానంగా తాగమనండి. శాసనంలో శకునం సంగతి లేదు. కూర్చున్నంతసేపూ ఊరికే ఎందుకు, ఆ మూడో తూము చూస్తూ ఉండమనండి" అన్నాడు.

కాసేపంటే ఎంతసేపో ఆ నగరంలో ఏ శాసనమూ చెప్పలేదు. కొండావిడ చెంబు పక్కన పెట్టుకుని మర్నాడు మూడో తూము ఎత్తింది. ఆ మర్నాడూ ఎత్తింది. చెంబు ఖాళీ అయితే ఆవిడ లేవాలి కదా. అందుకని అటుగా వెళ్లే ప్రతివాళ్లూ వంగి చూసి, తగ్గితే నింపి పోయేవారు. నింపడానికి వచ్చినవాళ్లు ఒక మాట మాట్లాడకుండా ఎలా పోతారు? మాట్లాడటానికి ఆగినవాళ్లు అక్కడే అన్నం మూట విప్పేవారు. "వెళ్లొస్తా" అన్న మాట ఆవిడ ఏనాడూ అనలేదు. అనమని ఎవరూ అడగలేదు.

ఏళ్లు గడిచాయి. తాళాల తాత పోయాడు, కొలువుపెద్దలు మారారు. ఒకరోజు రాజు నీళ్లకొలువు చూడటానికి వచ్చాడు. ఆయన కొత్తగా గద్దెనెక్కాడు. మూడో తూము దగ్గర తల నెరిసిన ఆవిడొకరు, పక్కన నిండు చెంబు, చుట్టూ నవ్వుకుంటూ జనం.

"ఎవరావిడ?" అని అడిగాడు రాజు.

"పరదేశి ప్రభూ. వెళ్లిపోతోంది" అన్నాడు కొత్త కొలువుపెద్ద. "కాసిని మంచినీళ్లు తాగి వెళ్దామని కూర్చుంది."

"ఎప్పుడు కూర్చుంది?"

"నేను పుట్టకముందండి."

రాజు, కట్టినవాళ్లెవరూ మిగలని కోట గోడల వైపు ఒకసారి చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, జనం కాస్త జరిగి ఇచ్చిన చోట్లో ఆవిడ పక్కనే చతికిలబడి, దోసిలి పట్టాడు.

"నాకూ కాసిని పొయ్యమ్మా" అన్నాడు.