తల్లిదిబ్బను తవ్వుకున్న అడవి

సముద్రం పక్కన, ఏరు ఉప్పునీళ్ళలో కలిసే చోట, పీతలంక అనే మడ అడవి ఉండేది. అందులో నక్కలు, ముంగిసలు, పందికొక్కులు, ఉడుములు, కుందేళ్ళు కాపురం ఉండేవి. బురద నిండా పీతలు, చెట్ల నిండా కొంగలు. తిండికి లోటు లేదు. లోటల్లా పొడినేలకే.

అడవంతా పల్లం. మధ్యలో ఎత్తుగా ఉన్నది ఒక్క తల్లిదిబ్బే. ఇసుకా బంకమట్టీ కలిసి పేరుకున్న దిబ్బ అది. ఉప్పెన వస్తే అడవిలోని ప్రతి ప్రాణీ దాని మీదికే పరుగెత్తాలి. అందుకని వెనకటి పెద్దలు రెండు కట్టుబాట్లు పెట్టారు. దిబ్బ మీద ఎవరూ ఎవరినీ కరవకూడదు. దిబ్బలో ఎవరూ బొరియ తవ్వకూడదు.

ఇంకో ఆచారం కూడా ఉండేది. ఏటా తుఫానుల కాలం రాకముందే ప్రతి తల్లీ తండ్రీ ఏటి ఒడ్డున నోటినిండా బంకమట్టి కరుచుకుని వెళ్ళి దిబ్బకు మెత్తేవాళ్ళు. వెనకాల పిల్లలు నడిచేవాళ్ళు. ముందున్నవాడి తోక వెనకున్నవాడు నోట పట్టుకోవాలి. ఏం వచ్చినా వదలకూడదు. దిబ్బకు మట్టీ పడేది, పిల్లలకు దారీ తెలిసేది.

అలా ఉండగా చాలా ఏళ్ళపాటు ఉప్పెన రాలేదు. రాకపోతే మంచిదే కదా అంటారేమో. మంచిదే. కానీ సుఖం ఎక్కువైతే కొందరి బుద్ధి గడ్డి తింటుంది.

మొదట గడ్డి తిన్నవాడు సింహాద్రి అనే పందికొక్కు. పేరుకు తగ్గ ఒళ్ళు, ఒంటికి మించిన నోరు. వాడు ఒక వేసవిలో దర్జాగా తల్లిదిబ్బ పక్కను తొలిచి ఇల్లు కట్టుకున్నాడు. నాలుగు గదులు, రెండు వాకిళ్ళు. సాయంత్రం సముద్రపు గాలికి వాకిట్లో కూర్చుని మీసాలు దువ్వుకునేవాడు.

అది చూసి నూకాలు అనే ముంగిసకు ఒళ్ళు మండింది. నూకాలు పిల్లల తల్లి. ఉప్పెనలో కొట్టుకుపోయినవాళ్ళ కథలు తన అమ్మమ్మ దగ్గర విని పెరిగింది. తిన్నగా దాలయ్య దగ్గరికి వెళ్ళింది. దాలయ్య ముసలి నక్క, అడవికి పెద్ద.

"బాబాయ్, సింహాద్రి దిబ్బ తవ్వుతున్నాడు. నువ్వు పెద్దవాడివి, పిలిచి చెప్పు," అంది.

"చెబుతాను, చెబుతాను," అన్నాడు దాలయ్య.

చెప్పడానికే వెళ్ళాడు పాపం. సింహాద్రి ఆయనను లోపలికి తీసుకుపోయి, చల్లటి ఇసుక మీద కూర్చోబెట్టి, పీత డిప్పలో చేపలు పెట్టాడు. "మీ కీళ్ళ నొప్పులకు ఈ తేమ పడదు బాబుగారూ. దిబ్బ నెత్తిన మీకొక ఇల్లు తవ్విస్తాను," అన్నాడు. వారం తిరక్కుండా దాలయ్య తట్టాబుట్టా సర్దుకుని దిబ్బ నెత్తికెక్కాడు.

ఇక అడిగేవాడెవడు? ఉడుములు ఎక్కాయి, కుందేళ్ళు ఎక్కాయి. బొరియలో బొరియ కలిసింది. మట్టి మెత్తే ఆచారం కూడా ఆగిపోయింది. దిబ్బ మీదే ఉంటున్నవాళ్ళకు దిబ్బకు నడవడం ఎందుకూ? పిల్లలకు తోక పట్టుకోవడం నేర్పడం ఎందుకూ? పాత చాదస్తం అన్నారు.

అందరూ ఎక్కినందుకు నూకాలుకు కోపమే వచ్చింది. కానీ తన సొంత చెల్లెలు పైడమ్మ ఎక్కిన రోజున ఏడుపొచ్చింది.

"నువ్వు కూడానా పైడమ్మా?"

"ఏం చెయ్యనక్కా? కింద ఇంట్లో ఎప్పుడూ చెమ్మే. పిల్లలు ఒకటే దగ్గు. ఇక్కడికొచ్చాక హాయిగా నిద్రపోతున్నారు."

"నిద్ర సంగతి సరే. రేపు ఉప్పెనొస్తే అందరం ఎక్కడ నిలబడతాం? లోపలంతా డొల్ల చేసేశారు."

"నేనొక్కదాన్ని మానేస్తే డొల్ల పూడుతుందా?" అంది పైడమ్మ.

ఆ మాటకు ఊరుకునే రకం కాదు నూకాలు. ఏటి ఒడ్డుకు వెళ్ళి నోటినిండా బంకమట్టి తెచ్చి, ఖాళీగా కనపడ్డ ప్రతి కన్నాన్నీ పూడ్చడం మొదలుపెట్టింది. ఉదయం అది పూడ్చేది. సాయంత్రానికి సింహాద్రి పిల్లలు తవ్వేవాళ్ళు. వాళ్ళకదో ఆట.

"ఏం నూకాలూ, మమ్మల్ని బతికుండగానే పూడ్చేస్తావా ఏంటి?" అని సింహాద్రి వాకిట్లోంచి వెటకారం ఆడాడు. చుట్టుపక్కల బొరియల్లోంచి నవ్వులు వినిపించాయి. ఆ నవ్వుల్లో తన చెల్లెలి గొంతు కూడా ఉన్నట్టు నూకాలుకు అనిపించింది. అది మాత్రం ముల్లులా గుచ్చుకుంది.

ఆ రోజుతో నూకాలు దిబ్బ మీద ఆశ వదులుకుంది. ఏటికి కాస్త దూరంలో ఒక ముదురు నల్లమడ చెట్టు ఉంది. వేళ్ళు బురదలోకి నాలుగు వైపులా దిగి గట్టిగా పాతుకుని ఉన్నాయి. నూకాలు అలలకు కొట్టుకొచ్చిన వల ముక్కలు ఏరి తెచ్చి, ఆ చెట్టు చిటారు పంగలో చుట్టి, పుల్లలు పేర్చి మంచె కట్టింది. తరవాత తన పిల్లలకు చెట్టెక్కడం నేర్పించింది.

ముంగిసలకు చెట్లెక్కడం అంతగా అలవాటు లేదు. పిల్లలు ఎక్కుతారు, పడతారు, ఏడుస్తారు. "ఏడుపు తరవాత. ముందు గోళ్ళు బెరడులో దించు," అనేది నూకాలు. ఒక్కోసారి తిట్టేది, ఒక్కోసారి తోకతో ఒకటి వేసేది కూడా. వానలు ముగిసేసరికి పిల్లలు ఈదురుగాలిలో కూడా ఎక్కగలిగారు.

అడవికి కొత్త వేడుక దొరికింది. "ముంగిస కోతయింది చూడండర్రా," అని చెట్టు కింద గుంపులు కట్టారు.

నూకాలు సిగ్గు విడిచి మళ్ళీ చెల్లెలి గడప తొక్కింది. "నీ పిల్లల్ని పంపు. సత్తిని పంపు, చిన్నోణ్ణి పంపు. రోజూ కాసేపు చాలు. నేనే నేర్పుతాను."

పైడమ్మ తల దించుకుంది. "నాకు ఇష్టమేనక్కా. కానీ పక్కనే ఉన్న సింహాద్రి మామ ఏమంటాడో. నలుగురూ నవ్వుతారు."

"నవ్వితే చచ్చిపోతామా?"

"నీకేం, నువ్వు ఒంటరిగా ఉంటావు. నేను నలుగురి మధ్య బతకాలి," అంది పైడమ్మ. ఆ పిచ్చితల్లి నిజంగానే అలా అనుకుంది.

చలి మొదలయ్యే రోజుల్లో ఒక ఉదయం తూర్పుగాలి తిరిగింది. బురదలో ఉండే పీతలన్నీ చెట్ల మొదళ్ళకు ఎగబాకాయి. ఏరు సముద్రంలోకి పోవడం మానేసి వెనక్కి నడిచింది. నూకాలు పిల్లల్ని వెంటనే మంచె ఎక్కించి, "నేనొచ్చేదాకా ఒకరి తోక ఒకరు వదలకండి," అని చెప్పి దిబ్బ వైపు పరుగెత్తింది.

దిబ్బ దగ్గర గోలగోలగా ఉంది. పల్లంలో మిగిలిపోయిన బీదాబిక్కీ అంతా పిల్లలతో వచ్చి వాలు మీద నిలబడ్డారు. అడుగు పెట్టిన చోటల్లా కాలు దిగబడుతోంది. "లోపలికి రానియ్యండి బాబూ," అని ఒక తల్లి కుందేలు బతిమాలుతోంది.

"ఇది ఇల్లు, సత్రం కాదు," అన్నాడు సింహాద్రి వాకిలికి అడ్డంగా కూర్చుని.

"దాలయ్య బాబాయ్, నువ్వైనా చెప్పు," అని నూకాలు కేకేసింది. దిబ్బ నెత్తిన బొరియలోంచి నక్క కళ్ళు కనపడ్డాయి. మరుక్షణం అవి లోపలికి తప్పుకున్నాయి.

నూకాలు చెల్లెలి బొరియలోకి దూరింది. పైడమ్మ పిల్లల్ని పొట్ట కింద పెట్టుకుని ముడుచుకుని ఉంది.

"పద. చెట్టెక్కుదాం."

"ఇక్కడ పొడిగానే ఉందక్కా. నీళ్ళు ఇంతదాకా రావు."

నూకాలు ముందుకాలు ఎత్తి గోడ మీద ఆనించింది, అంతే. గోడ ఇసుకై జారి పిల్లల నెత్తిన పడింది. దాని వెనక సింహాద్రి గది కనపడింది. పైడమ్మ గోడ వైపు చూసి, అక్క వైపు చూసి, పిల్లల్ని లేపింది.

బయట అప్పటికే నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. "నా తోక సత్తి పట్టుకోవాలి, సత్తి తోక చిన్నోడు పట్టుకోవాలి," అంది నూకాలు. కానీ ఆ పిల్లలు అలా ఎప్పుడు నడిచారు కనక? నాలుగు అడుగులు వేయడం, తోక వదిలేయడం, ఏడవడం. వదిలినప్పుడల్లా ఆగాలి, వెతకాలి, మళ్ళీ పట్టించాలి. మామూలుగా చిటికెలో వెళ్ళే దారి ఎంతకీ తెమలలేదు. చెట్టు దగ్గరికి చేరేసరికి నీళ్ళు వేళ్ళను కప్పేస్తున్నాయి.

"ఎక్కు సత్తీ," అంది పైడమ్మ. సత్తి రెండు జానలు ఎక్కి జారింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ జారింది. దానికి గోళ్ళున్నాయి, వాటిని దించడం తెలియదు.

నూకాలు సత్తి మెడ కరుచుకుని గాలికి ఎదురు ఎక్కింది. దాన్ని మంచె మీద పిల్లల మధ్య పడేసి వెనక్కి తిరిగింది. కింద పైడమ్మ ఒక వేరు మీద వెనక కాళ్ళతో నిలబడి, చిన్నోణ్ణి తల మీదికి ఎత్తింది. నీళ్ళు ఆమె గొంతు దాకా ఉన్నాయి.

"వీణ్ణి అందుకో అక్కా," అంది.

నూకాలు తల కిందులుగా దిగింది. ఇంకొక్క జాన దిగితే చాలు. అప్పుడు సముద్రం నుంచి పెద్ద కెరటం చెట్ల మొదళ్ళ మీద విరుచుకుపడింది. అది పోయాక చూస్తే వేరూ కనపడలేదు, వేరు మీద ఎవరూ లేరు.

నూకాలు నోటికి అందిన కొమ్మను కరుచుకుని అలాగే ఉండిపోయింది. అక్కడి నుంచే తల్లిదిబ్బను చూసింది. నీళ్ళు కింది బొరియల్లోకి దూరాయి, పై బొరియల్లోంచి బుడగలై వచ్చాయి. దిబ్బ ఒక పక్కకు ఒరిగి, మీద నిలబడ్డవాళ్ళతో సహా మెత్తగా కూలిపోయింది. బయట బతిమాలినవాళ్ళూ పోయారు, లోపల దాక్కున్నవాళ్ళూ పోయారు.

మర్నాటికి నీళ్ళు తీశాయి. అడవంతా ఉప్పు బురద, కొంగల ఈకలు. సింహాద్రి ఒక దుంగ పట్టుకుని కొట్టుకుపోయి ఏటి ఒడ్డున బతికి తేలాడు. భద్రంగా ఉంటారని పెళ్ళాంబిడ్డల్ని అన్నిటికన్నా లోపలి గదిలోకి పంపింది వాడే. ఇప్పుడు ఆ మట్టికుప్పను గోళ్ళు చిట్లేదాకా తవ్వుతున్నాడు. పెద్దల కట్టుబాటు వద్దనని తవ్వకం వాడి జీవితంలో అదొక్కటే.

దాలయ్య కూడా ఎలాగో బతికాడు. కుంటుకుంటూ వచ్చి మిగిలినవాళ్ళను పోగేసి గొంతు సవరించుకున్నాడు.

"ఇంత పెద్ద ఉప్పెన వస్తుందని ఎవరు అనుకున్నారు? ఇందులో ఎవరి తప్పూ లేదు. దైవికం," అన్నాడు.

తలలు ఊపడానికి కూడా అక్కడ చాలామంది మిగలలేదు. నూకాలు ముందుకు వచ్చింది.

"మా అమ్మమ్మ చూసిన ఉప్పెన ఇంతకన్నా పెద్దది బాబాయ్. అప్పుడు దిబ్బ నిలబడింది. దిబ్బలో అప్పుడు ఇళ్ళు లేవు," అంది. ఆ రోజు నుంచి దాలయ్యను ఎవరూ పెద్ద అని పిలవలేదు. పిలిపించుకోవడానికి ఆయన వాళ్ళ కళ్ళపడనూ లేదు.

తరవాత అడవి నూకాలు మాట వింది. మిగిలిన తల్లులు పిల్లల్ని తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర వదిలారు. ఆమె చెప్పినచోట మంచెలు కట్టారు, కొత్త దిబ్బకు మట్టి మోశారు, తోకలు పట్టించి నడిపించారు. ఆమెను ఇప్పుడు అందరూ "నూకాలమ్మ" అంటున్నారు. ఆ గౌరవం ఆమెకు గొంతు దిగదు. వీళ్ళకు ఈ బుద్ధేదో కాస్త ముందు వచ్చి ఉంటే చెల్లెలు ఉండేది అనుకుంటుంది, పళ్ళు కొరుక్కుంటుంది, మళ్ళీ పిల్లల్ని చెట్టెక్కిస్తుంది.

సత్తి మాత్రం మంచె దిగలేదు. తిండి పైకే తెచ్చి పెట్టాల్సి వచ్చేది. ఒక పూట ఎండ బాగా కాసి, బురద గట్టిపడ్డాక, నూకాలు దాని పక్కన కూర్చుని ఒళ్ళు నిమిరింది.

"దిగు తల్లీ. కింద ఇంక నీళ్ళు లేవు."

సత్తి ఆకుల సందులోంచి కిందికి చూసింది.

"అమ్మ కూడా లేదుగా, పెద్దమ్మా," అంది.

నీతి: అందరినీ కాపాడే చోటును ఎవరి సుఖానికి వాళ్ళు తవ్వుకుంటే ఆపద నాడు అది ఎవరినీ కాపాడదు, నలుగురూ నవ్వుతారని జాగ్రత్త మానుకున్నవాళ్ళ నష్టాన్ని ఆ నలుగురూ తీర్చలేరు.