ఆకు దారిలో ఉంది ప్రభూ

కలువపట్నం ఏలే గజకేసరి మహారాజు ఒక ఉదయం సభకి వచ్చేసరికి సింహాసనం మీద ఎలుక కూర్చుని ఉంది. మహారాజుని చూసి సభంతా లేచి నిలబడింది. ఎలుక లేవలేదు.

"ఎక్కణ్ణుంచి వచ్చిందిది?" గర్జించాడు మహారాజు.

"ఉగ్రాణాల్లోంచి ప్రభూ. అక్కడ ధాన్యం నిలవ ఉంటుంది కదా" అన్నాడు గుండామాత్యుడు. రాజ్యానికి వచ్చే సరుకంతా ఆయన ఆజ్ఞ మీదే కదిలేది.

"అయితే ఉగ్రాణాలు కూలగొట్టించండి. అక్కడ నాట్యమండపం కట్టిద్దాం."

సభ గతుక్కుమంది. కలువపట్నం సముద్రం ఒడ్డున రాతినేల మీద వెలిసిన ఊరు. అక్కడ ధాన్యం పండదు. బియ్యం తూర్పు దీవుల నుంచి, కర్పూరం చీనా నుంచి, గుర్రాలు అరబ్బు దేశం నుంచి ఓడల్లో రావాల్సిందే.

గుండామాత్యుడు మాత్రం మీసం దువ్వాడు.

"దివ్యమైన ఆలోచన ప్రభూ! అసలు నిలవ పెట్టడమే తెలివితక్కువతనం. నా పథకంలో ఏ పూట బియ్యం ఆ పూటకే రేవులో దిగుతుంది. ఓడ దిగిన మూట తిన్నగా పొయ్యి మీదికే!"

అంతటితో ఊరుకోలేదు. సభామండపం నేల మీద రంగుల ముగ్గులతో లోకమంతా గీయించాడు. ఒక్క సముద్రానికే బండెడు నీలిమందు పట్టింది. ఏ ఓడ ఏ జాముకి ఎక్కడ ఉంటుందో బెత్తంతో చూపించాడు. సేనాపతి చూసుకోకుండా సింహళం మీద కాలు పెట్టి చివాట్లు తిన్నాడు.

మహారాజు వెనక తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడే బొల్లన అప్పుడు నోరు విప్పాడు.

"అయ్యా, గాలి ఎదురు తిరిగితే?"

"గాలికి ఆజ్ఞ పంపాం."

"మరి తుఫాను వస్తే?"

"నా పథకంలో తుఫానుకి చోటే లేదు. చోటు లేనిచోటికి అదెలా వస్తుంది?"

ఈ జవాబు మహారాజుకి తెగ నచ్చేసింది. మర్నాడు సాయంత్రమే గోడలు పడగొట్టమన్నాడు.

బొల్లన రేవు పక్క వాడలో పెరిగినవాడు. ఓడలు రాని ఏడాది వాళ్ళమ్మ ఉత్త చింతాకు ఉడకబెట్టి, అదే అన్నమనుకోండర్రా అన్న మాట అతనికి ఇంకా చెవుల్లో ఉంది. ఎదురు చెబితే తల పోతుంది. ఊరుకుంటే ఊరే పోతుంది.

మర్నాడు మధ్యాహ్నం మహారాజు పనసపొట్టు కూరతో సుష్ఠుగా భోంచేసి సభకి వచ్చాడు. భోజనమయ్యాక తాంబూలం పడకపోతే ఆయనకి యుద్ధం ప్రకటించాలనిపించేది. ఎవరి మీదన్నది తర్వాత చూసుకునేవాడు. అలవాటుగా చెయ్యి వెనక్కి చాపాడు. చేతిలో ఏదో పడింది. చూడకుండా నోట్లో వేసుకున్నాడు.

"అబ్బా! ఇదేమిట్రా?"

"సున్నం ప్రభూ. సరిగ్గా వేళకి వచ్చింది."

"ఆకేదిరా?"

"దారిలో ఉంది ప్రభూ."

"వక్క?"

"పొద్దున్నే వచ్చింది ప్రభూ. ఆకు లేదని చూసి వెనక్కి వెళ్ళిపోయింది."

"లవంగం?"

"ఆకుకి ఎదురెళ్ళింది."

మహారాజు పెట్టె లాక్కుని తెరిచాడు. లోపల ఏమీ లేదు.

"గుండామాత్యుల పద్ధతి పెట్టాను ప్రభూ" అన్నాడు బొల్లన చేతులు కట్టుకుని. "నిలవ లేదు. అన్నీ వేళకే వస్తాయి."

ఇంతలో ద్వారపాలకుడు రొప్పుతూ వచ్చాడు. "ప్రభూ, తోట నుంచి ఆకులు తెస్తున్న ఎల్లక్క కోట గుమ్మంలో ఆగిపోయింది. గుమ్మానికి అడ్డంగా గేదె పడుకుంది."

"లేపండి!"

"లేవట్లేదు ప్రభూ. తొండంతో నెట్టిద్దామని పట్టపుటేనుగుని తెచ్చాం. అది కూడా గేదె పక్కనే పడుకుంది."

మహారాజు నాలుక మండుతోంది. కళ్ళు ఎర్రబడ్డాయి. బొల్లన పని పట్టడానికి ఇదే అదనని గుండామాత్యుడు ముందుకు దూకాడు.

"గేదెని నువ్వే పడుకోబెట్టావు కదూ!"

"ఒట్టు ప్రభూ, ఆ గేదె ఎవరిదో కూడా నాకు తెలీదు. ఇవాళ ఏది అడ్డొస్తుందో నాకేం తెలుసు? ఏదో ఒకటి వస్తుందని మాత్రం తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా మూర్ఖుడా!" గుండామాత్యుడు బెత్తం ఝళిపించాడు. "పెట్టెలో నాలుగాకులు ముందే దాచుకోవద్దూ? ఒక్క తోటనే నమ్ముకుంటారా ఎవరైనా? ఒక దారి మూసుకుపోతే రెండో దారి చూసుకోవద్దూ? ప్రభూ, ఈపాటి బుద్ధి లేనివాణ్ణి కొలువులో ఉంచడం ప్రమాదం!"

బొల్లన వంగి దణ్ణం పెట్టాడు.

"చిత్తం. తోటకీ కోటకీ మధ్య ఒక్క గేదె. మరి చీనాకీ కోటకీ మధ్య ఎన్ని గేదెలున్నాయో అమాత్యులు విచారించారా?"

గుండామాత్యుడు బెత్తం వెనక్కి దాచుకున్నాడు. మహారాజు ఒకసారి ఖాళీ పెట్టెని, ఒకసారి నేల మీది నీలిసముద్రాన్ని చూశాడు.

అప్పుడు వచ్చింది ఎల్లక్క, బుట్ట చంకన పెట్టుకుని.

"గేదె లేచింది మారాజా!"

"హమ్మయ్య! ఆకులేవీ?"

"బుట్ట కింద పెట్టి నేను దాని తోక మెలిపెడుతుంటే, అది ఆకులన్నీ తినేసింది మారాజా. తిన్నాకే లేచింది."

మహారాజు ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత వణికింది, ఆ తర్వాత ఆయన పగలబడి నవ్వాడు. సభంతా నవ్వింది. సేనాపతి నవ్వుతూ నవ్వుతూ అరబ్బు దేశంలో చతికిలబడ్డాడు.

"ఉగ్రాణాల గోడకి సున్నం వేయించండి గానీ, పలుగు తగిలితే ఊరుకోను!" అన్నాడు మహారాజు కళ్ళు తుడుచుకుంటూ. "బియ్యం ఇకనుంచి మూడు దేశాల నుంచి రావాలి. అమాత్యా, వెళ్ళి ముందు ఆ ఏనుగుని లేపించండి."

తన చేతి బంగారు కడియం తీసి బొల్లన చేతికి తానే తొడిగాడు.