పొగమంచులో లేడిపిల్ల, గిజిగాడి యాప్

అనగనగా మబ్బులు నేల మీద నడిచే ఒక అడవి ఉండేది. చలికాలం వచ్చిందంటే చాలు, తెల్లారేసరికి లోయలోంచి పొగమంచు మెల్లగా పైకి పాకి వచ్చేది. చెట్లు మొదళ్లు లేకుండా తేలుతున్నట్టుండేవి. ఎవరి పిలుపు ఎటునుంచి వస్తోందో తెలిసేది కాదు. ఆ అడవిలో ప్రతి జంతువు మెడలోనూ ఒక చిన్న ఫోను వేలాడేది. పాత ఫోన్లే, కానీ వాటిలో లినక్స్ అనే, ఎవరైనా మార్చుకోగల వ్యవస్థ నడిచేది. అందుకని ఎవరికి కావలసిన యాప్ వాళ్లే రాసి పెట్టుకోవచ్చు.

ఆ అడవిలోనే పీచు అనే గిజిగాడు ఉండేవాడు. గూళ్లు అల్లడంలో ఎంత నేర్పో, యాప్‌లు రాయడంలోనూ అంత నేర్పు. కాస్త గొప్పలకు పోయే గుణం కూడా ఉంది, దాచడమెందుకు?

ఒకరోజు గోరింట అనే లేడి పీచు దగ్గరికి వచ్చింది.

"తమ్ముడూ, మా పిల్ల చుక్కి సంగతి నీకు తెలుసుగా. లేడికి లేచిందే పరుగు! మంచులో లోయ అంచు కనబడదు. నాకు కంటి మీద కునుకు లేదయ్యా. అది ఎక్కడుందో నా ఫోను చెప్పేలా ఒక యాప్ చేసిపెట్టవా?" అంది.

"అదెంత పని అక్కా!" అన్నాడు పీచు.

పిల్లలూ, యాప్ రాయాలంటే ముందు ఫోనుకి అర్థమయ్యే ఒక భాష కావాలి. మీటలూ బొమ్మలూ గీయడానికి ఎవరో ముందే రాసిపెట్టిన ముక్కల మూట ఒకటి కావాలి. ఆ మూటని లైబ్రరీ అంటారు. ఏ భాష, ఏ లైబ్రరీ? పీచు సలహా కోసం బయల్దేరాడు.

బండ మీద కొండచిలువ తాత ఎండ కాగుతున్నాడు. "పైథాన్‌లో రాయరా అబ్బాయ్. దానికి నా పేరే ఉంది" అని మురిసిపోయాడు. "సులువు. తొందరగా అవుతుంది. కాకపోతే నాలాగే, లేవడం కాస్త ఆలస్యం."

వాగులో ఎండ్రకాయ అత్త డెక్కలు టకటకలాడించింది. "రస్ట్ నేర్చుకో నాయనా. తప్పు రాస్తే ముందే పట్టుకుని గిల్లుతుంది. ఫోను మీద చురుగ్గా పరిగెడుతుంది. నేర్చుకునేసరికి మాత్రం నీ ఈకలు రాలతాయి" అంది.

నెమలి మామ ఇప్పచెట్టు కింద ఉన్న పెద్ద కంప్యూటర్‌లో తన లైబ్రరీని తెరిచి చూపించాడు. తెర మీద నీలం పింఛం ఒక్కొక్క ఈకగా విచ్చుకుంది. దాని మధ్య మీటలు నీటిబుడగల్లా తేలాయి. పీచు నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

గిజిగాళ్లకు ఒక ఆచారం ఉంది. గూడు సగమే అల్లి ఆగుతారు. ఆడపిట్ట వచ్చి, లోపల కూర్చుని, ముక్కుతో లాగి చూసి సరేనంటేనే మిగతా సగం. పీచు ఏనాడూ ఆ ఆచారం తప్పలేదు. కానీ ఈసారి, యాప్‌కి ఈ తంతంతా ఎందుకులే అనుకున్నాడు. నెమలి మామ లైబ్రరీతో యాప్ మొత్తం అల్లేసి, పెద్ద తెర మీద అందరికీ చూపించాడు. అడవి అడవంతా చప్పట్లు కొట్టింది. ఆనక దాన్ని గోరింట ఫోనులో పెట్టేసి, పని అయిపోయిందనుకున్నాడు.

మర్నాడు తెల్లారింది. మంచు పాలలా పరుచుకుంది. చుక్కి కనబడలేదు.

గోరింట ఫోను తీసింది. పింఛం విచ్చుకోవడం మొదలుపెట్టింది. ఒక ఈక. ఇంకో ఈక. ఫోను వేడెక్కింది. పిల్లని వెతికే మీట ఆ సన్నని తెరలో పట్టక, కుడిపక్క అంచు దాటి ఎక్కడికో పోయింది. చివరికి బ్యాటరీ అయిపోయి ఫోను నల్లబడింది.

"చుక్కీ! చుక్కీ!" అని గోరింట అరిచింది. ఆ అరుపు విని పీచు ఎగిరొచ్చాడు.

ఎక్కడో ఒక గులకరాయి దొర్లింది. ఆ చప్పుడు పట్టుకుని గోరింట పొట్ట మీద పాకుతూ వెళ్లింది. లోయ అంచున చుక్కి నిలబడి ఉంది. గోరింట దాని చెవి నోట కరిచి వెనక్కి లాక్కుంది. పీచు వైపు చూడకుండానే పిల్లని తీసుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదని పీచుకి అనిపించింది.

ఆ రోజు అతనికి గింజ మింగుడుపడలేదు. భార్య తుంగ పక్కన వచ్చి వాలింది. "ఏమయ్యా, గూడు సగం అల్లి నన్ను అడిగావే. ఆ తల్లిని ఎందుకు అడగలేదు?" అంది.

పీచు సిగ్గుపడ్డాడు. లేచి గోరింట దగ్గరికి వెళ్లాడు. "అక్కా, తప్పు నాదే. ఈసారి నీ పక్కనే కూర్చుని, నీ ఫోనులోనే చేస్తాను" అన్నాడు.

రస్ట్‌తో కొంచెం రాసి ఆమె ఫోనులో పెట్టాడు. చురుగ్గా నడిచింది. "మిగతాది నేర్చుకునేసరికి ఈ చలికాలం దాటిపోతుంది నాయనా" అని ఎండ్రకాయ అత్త ఉన్నమాట చెప్పింది. పైథాన్‌తో సగం రాసి పెట్టాడు. తెరుచుకోవడానికి కాస్త ఆగింది కానీ, ఫోను చల్లగానే ఉంది. ఇద్దరూ దానికే సరేననుకున్నారు.

"ఇంత చిన్న మీట నా గిట్టతో ఎలా నొక్కను తమ్ముడూ?" అంది గోరింట. మీట తెరంత అయింది. "మంచులో బొమ్మలెందుకయ్యా? నా కళ్లు దారి మీద ఉండాలి" అంది. బొమ్మలు పోయాయి. పిల్ల దగ్గరవుతున్నకొద్దీ ఫోను గట్టిగా అదిరేలా చేశాడు. సన్నని తెరలో ఇమిడే ఒక సాదా లైబ్రరీ సరిపోయింది.

"మరి నా పింఛం?" అని నెమలి మామ మూతి ముడిచాడు.

"పెద్ద తెర మీద నీకు నువ్వే సాటి మామా. ఇది మెడలో వేలాడే ఫోను" అన్నాడు పీచు.

మళ్లీ మంచు లేచింది. మళ్లీ చుక్కి మాయమైంది. గోరింట గిట్టతో ఒక్కసారి నొక్కింది. ఫోను మెల్లగా అదిరింది. ఆమె కలలో నడిచినట్టు ఆ తెల్లదనంలోకి నడిచింది. అదురు పెరిగింది. ఒక పొద వెనక నుంచి "అమ్మా!" అని వినిపించింది.

పైన కొమ్మ మీద పీచు మెడ సాచి కూర్చున్నాడు. యాప్ బాగుందని అంటుందేమోనని చూశాడు. గోరింట పిల్లని నాకుతూనే ఉంది. ఆమెకు ఫోను సంగతే గుర్తు లేదు. పీచుకి ముందు చిన్నతనంగా అనిపించింది. తర్వాత, తల్లీపిల్లలు ఒకరినొకరు ఒరుసుకుంటూ మంచులో ఇంటిదారి పట్టడం చూసి, అతని కళ్లు తడిశాయి. ఇంతకు ముందు ఏ చప్పట్లకీ అతనికి ఇంత సంతోషం కలగలేదు.

నీతి: భాషైనా పనిముట్టైనా, వాడేవాళ్ల చేతిలో పెట్టి చూశాకే ఎంచుకోవాలి.