బిల్లమనేని ఉరి

పదకొండు దినాలుగా తాటాకు మీద ఏకామ్రం ఘంటం కదలలేదు.

గుండ్లకమ్మ ఒడ్డున నృసింహయాజులుగారి సన్నిధిలో తొమ్మిదేండ్లు కావ్యశాస్త్రం అభ్యసించిన శిష్యుడతడు. గురువుగారి ఆజ్ఞ తలదాల్చి ఒక ప్రబంధం ఆరంభించాడు. నాలుగు ఆశ్వాసాలు పూర్తయ్యాయి. కథానాయకుడు ధర్మప్రభువైన రాజు. ప్రతినాయకుడు బిల్లమనేడనే గజదొంగ. ఐదవ ఆశ్వాసంలో రాజు వానిని ఉరితీయిస్తాడు. దానితో కథ ముగుస్తుంది. ఆ ఒక్క పద్యమే రావడం లేదు.

బిల్లమనేడు జాలికి తగినవాడు కాడు. కరువుకాలంలో తనకు అన్నం పెట్టిన ఇంటికే నిప్పుపెట్టాడు. ఆ మంటల్లో ఒక తల్లి, ఆమె ఒడిలోని పసిబిడ్డ ఆహుతైపోయారు. ఏకామ్రం ఆ ఘట్టాన్ని ఏమాత్రం మెత్తబరచకుండా రచించాడు.

అతడు ఏటి ఒడ్డున నడుస్తూ పద్యాలు కట్టేవాడు. చెలమల దగ్గర నీళ్ళు తోడుకొనే ఆడవాళ్ళు విని అర్థం అడిగేవారు. అడిగితే చెప్పేవాడు. ఇప్పుడు వారికి అదొక నిత్యకృత్యమైంది.

"ఏమయ్యా పంతులూ, మీ దొంగ ఇవాళైనా ఇంత అన్నం తిన్నాడా?" అన్నది చాకలి తిరుపాలమ్మ, కడవ ఎత్తుకొంటూ.

"వాడు పసికందును కాల్చినవాడమ్మా."

"కాల్చాడు, వాడి చేతులు పడిపోను. తిన్నాడా అని అడిగాను."

"రాజుగారి పట్టాభిషేకం వర్ణించాను. అది వినరాదా?"

"రాజుగారికేం, వంటవాళ్ళున్నారు," అన్నది వెనకనుంచి మరొకామె. అందరూ నవ్వారు.

ఏకామ్రం నవ్వలేకపోయాడు. అతని మనసూ రాజును విడిచి దొంగవైపే పోతోంది. మూడవ ఆశ్వాసంలో, కథకు అంతగా అక్కరలేకపోయినా, ఒక చిన్న పద్యం రాశాడు. అడవిలో ఒక బండమీద కూర్చొని బిల్లమనేడు తుమ్మముల్లుతో తన చిరిగిన గొంగళి తానే కుట్టుకొంటాడు. ఆ పద్యం రాసిననాటినుంచి వాడు మనసులో తిష్ఠ వేశాడు. పసిబిడ్డ ఏడుపు తలచుకొంటే పోతాడేమోనని ఏకామ్రం చాలాసార్లు తలచుకొన్నాడు. ఏడుపు వినిపించింది. వాడు పోలేదు.

తన హృదయం చెడిపోయిందని అతడు నిశ్చయించుకొన్నాడు. చెడిన హృదయం గలవాడు కావ్యం రాయరాదు.

పన్నెండవనాడు అమావాస్య. సూర్యోదయవేళ తాటాకుల కట్ట చంకన పెట్టుకొని ఏటికి వెళ్ళాడు. యాజులుగారు మోకాటిలోతు నీటిలో దక్షిణాభిముఖులై నిలిచి తర్పణాలు విడుస్తున్నారు. దోసిలిలోని నీరు జారిపోయేదాకా శిష్యుడు ఆగాడు.

"గురువుగారూ, ఈ ఆకులను ఏటిలో కలపడానికి అనుమతించండి. ఇకమీదట నేను పద్యం రాయను."

"ఏం, యతి తప్పిందా?"

"పద్యంలో కాదండీ, దోషం నాలో ఉంది. శిశుహంతకుని మీద నాకు ప్రేమ కలిగింది. ఆ తల్లి కడసారి బిడ్డను ఎలా పొదువుకొన్నదో రాసింది నేనే. అయినా కలిగింది."

"రాజుమీద?"

"గౌరవం."

"దొంగను ఉరితీయకుండా విడిచిపెట్టాలని ఉందా?"

"లేదు. తీయవలసిందే. నాకు చేయి రావడం లేదు."

యాజులుగారు తల పంకించారు. "ఆ కట్ట పట్టుకొని కాసేపు నిలబడు నాయనా. నా పని కొంచెం మిగిలింది."

ఒడ్డుకు వచ్చి తడి ఉత్తరీయాన్ని నాలుగు మడతలు పెట్టారు. తండ్రికి, తాతకు, గురువులకు పేరుపేరునా నీరు విడిచిన తరువాత, వంశంలో పుట్టి, తమవారంటూ ఎవరూ మిగలకుండా చనిపోయినవారికి ఆ బట్ట పిండిన నీరు నేలమీద విడవడం ఆచారం. ఏకామ్రం ఎన్నోసార్లు చూసినదే. ఈనాడు గురువుగారు సగం పిండి ఆగారు.

"ఈ నీళ్ళకోసం చేయి చాచేవారిలో దొంగలు ఉండరా?"

"ఉండవచ్చునండీ."

"హంతకులు?"

"ఉండవచ్చు."

"నీ కావ్యంలో బిల్లమనేనికి తల్లి ఉన్నదా?"

ఏకామ్రం ఆలోచించాడు. "రాయలేదు."

"ఆలు? తోడబుట్టినవాళ్ళు?"

"ఎవరూ లేరు."

"మరి వాడికోసం ఎవరు ఏడవాలి?"

యాజులుగారు మిగిలిన సగమూ పిండుతూ మెల్లగా ఒక పేరు ఉచ్చరించారు.

"బిల్లమనేడు."

నాలుగు చుక్కలు ఇసుకలో పడి ఇంకిపోయాయి.

శిష్యుడు తత్తరపడ్డాడు. "గురువుగారూ, ఈ నీరు మన వంశంలోని వారికి కదా."

"నా శిష్యుని ఘంటాన పుట్టినవాడు నాకు పరాయివాడా?"

ఏకామ్రం చేతిలోని కట్టవైపు చూశాడు. "మరి ఆ తల్లీ బిడ్డా?"

"నీవు ఆ ఆశ్వాసం వినిపించాక వచ్చిన తొలి అమావాస్యనాడే వారికి విడిచాను. ప్రతి అమావాస్యనాడూ మొదట వారికే విడుస్తున్నాను. వీడికి విడవడానికి ఈనాటిదాకా చేయి రాలేదు, నాకు కూడా."

ఆ మాట విని శిష్యుడు తలెత్తి గురువుగారి ముఖం చూశాడు. కనుకొలకులలో ఉన్నది ఏటినీరో మరొకటో తెలియలేదు. వారు ఉత్తరీయం దులిపి భుజాన వేసుకొని గట్టు ఎక్కసాగారు.

"వాడిని ఉరితీయవలసిందే నాయనా," అన్నారు నడుస్తూనే. "అయితే ఆ పద్యం రాజుప్రక్కన నిలబడి రాయకు."

ఏకామ్రం అక్కడే ఇసుకలో కూర్చొని కట్ట ముడి విప్పాడు.